సెన్సరీ సమస్యలున్న (స్పర్శ, చప్పుడు లాంటివి మరీ ఎక్కువగానో తక్కువగానో అనిపించే) పిల్లలు, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ, అంటే రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా సాయపడే థెరపీ): థెరపిస్టులమైన మాకు రోజూ వినిపించే అపోహలు

అపోహ: అదంతా మొండితనం, గారాబం ఎక్కువైంది.

అబ్బే, కాదండి. చొక్కా మెడ వెనక లేబుల్ గుచ్చుకుంటోందని ఏడ్చే పిల్లాడు నాటకాలాడట్లేదు, మనం గమనించను కూడా గమనించని ఆ స్పర్శ వాడికి నిజంగానే భరించలేనంతగా ఉంటుంది. సాక్స్‌లో వేళ్ల దగ్గర కుట్టు, పబ్లిక్ టాయిలెట్లో హ్యాండ్ డ్రయర్ మోత, గోళ్లు తీయడం, ఇవన్నీ ఆ కోవలోవే. మొండికేసిన పిల్లలు అడిగింది చేతికొస్తే మామూలుగా చల్లబడతారు, మధ్యమధ్యలో మనం చూస్తున్నామో లేదో ఓ కంట కనిపెడుతుంటారు కూడా, సెన్సరీ మెల్ట్‌డౌన్‌లో (భరించలేక అదుపు తప్పిపోయిన స్థితిలో) ఉన్న పిల్లలకి ఆ ధ్యాసే ఉండదు. దీనికి పూర్తి రివర్స్ పిల్లలూ ఉంటారు, ఎంత దూకినా గుద్దుకున్నా చాలదు, కాలర్ నములుతూనే ఉంటారు. ఒకే పిల్లాడిలో రెండూ ఉండొచ్చు.

అపోహ: సెన్సరీ సమస్య అంటే ఆటిజమే.

ఆటిజం పిల్లల్లో ఎక్కువ కనిపిస్తుంది, 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో (మానసిక, ఎదుగుదల సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికన్ పుస్తకం) ఆటిజం లక్షణాల్లో దీన్నీ చేర్చారు. కానీ ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం) ఉన్నవాళ్లలో, ఏ డయాగ్నసిస్ లేనివాళ్లలో కూడా ఉంటుంది. సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్ అని విడిగా ఒక జబ్బు మాత్రం ఆ పుస్తకంలో లేదు, కాబట్టి ఎవరైనా ఆ పేరు రాసిచ్చి ఊరుకుంటే ఇంకా అడగండి.

అపోహ: ఓటీలో ఊయల ఊపి పంపేస్తారు, దానికి ఫీజెందుకు?

ఈ మాట వింటే నాకు కొంచెం ఒళ్లు మండుతుంది గానీ, అనేవాళ్ల తప్పేం లేదు, బయటి నుంచి అలాగే కనిపిస్తుంది మరి. 1970ల్లో అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్ట్ జీన్ ఐర్స్ ఈ పద్ధతిని (సెన్సరీ ఇంటిగ్రేషన్ థెరపీ) ఒక రూపానికి తెచ్చినప్పటి నుంచీ అసలు సూత్రం, పిల్లాడే ముందుండి ఆడాలి, పని కొంచెం కష్టంగా ఉండాలి, అంతేగానీ బొమ్మలా కూర్చోబెట్టి ఊపడం కాదు. ఊయల మీద బోర్లా పడుకుని కింద ఉన్న బంతిని అందుకోవాలంటే లోపలి చెవి ఇచ్చే బ్యాలెన్స్, మెడ, భుజాల బలం, కంటి చూపు అన్నీ కలిసి పనిచేయాలి. మేం ముఖం చూస్తూనే ఉంటాం, పాలిపోయినా చెమటలు పట్టినా వెంటనే ఆపేస్తాం. ఇక గోల్ ఎప్పుడూ ఊయల కాదు, సొంతంగా బట్టలేసుకోవడం, జుట్టు కత్తిరించుకోనివ్వడం లాంటివి. మీ థెరపిస్ట్ అలాంటి గోల్ చెప్పలేకపోతే అనుమానించాల్సిందే.

అపోహ: వెయిటెడ్ వెస్ట్ (బరువులు పెట్టిన జాకెట్) వేసినా, బ్రషింగ్ (మెత్తటి బ్రష్‌తో ఒళ్లు రుద్దడం) చేసినా తగ్గిపోతుంది.

వీటికి గట్టి ఆధారాల్లేవు. వెయిటెడ్ (బరువు పెట్టి కుట్టిన) దుప్పట్ల మీద 2014లో ఆటిజం పిల్లలతో చేసిన ట్రయల్‌లో నిద్ర ఏమీ మెరుగవ్వలేదు, కాకపోతే పిల్లలకి మాత్రం ఆ దుప్పటి నచ్చింది. మా థెరపీ మీద కూడా ఫలితాలు కలగాపులగమే, 2022లో యూకే ట్రయల్‌లో మామూలుగా ఇచ్చే సేవల కంటే అదనపు లాభం కనిపించలేదు. అందుకే కొన్ని వారాలు గడువు పెట్టుకుని, అనుకున్న గోల్ కదలకపోతే ప్లాన్ మార్చమనండి.

అపోహ: బలవంతంగా అలవాటు చేస్తే అదే పోతుంది.

భయం పెరుగుతుంది, అంతే. అలాగని రోజంతా హెడ్‌ఫోన్స్ పెట్టి ఉంచినా మంచిది కాదు, మామూలు చప్పుళ్లు కూడా ఇంకా పెద్దగా అనిపించడం మొదలవుతుంది. మోత ఉన్నచోట పెట్టి, బయటికి రాగానే తీసేయండి.

ఇంకోటి, చెవులు మూసుకునే పిల్లలకి ఒకసారి వినికిడి టెస్ట్, మట్టి, కాగితాలు లాంటివి తినేసే పిల్లలకి ఐరన్ టెస్ట్ చేయించాకే మా దగ్గరికి రండి.