కత్తి ఎంత మందం ఉండాలి?

చిరంజీవి బుజ్జికి, నీతో పాటు అరకు రాబోతున్న నీ స్నేహితులందరికీ తాతయ్య దీవెనలు.

నిన్న ఫోనులో నువ్వు అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. సంక్రాంతి సెలవుల్లో అరకులో శిబిరం ఉంది, పెద్దవాళ్ళ పర్యవేక్షణలో వాడుకోవడానికి ఒక చిన్న కత్తి తెచ్చుకోవచ్చన్నారు, ఆన్‌లైన్‌లో చూస్తే ఒకటి 2 మిల్లీమీటర్లు, ఒకటి 3, ఒకటి ఏకంగా 5 అని రాసి ఉంది, ఏది కొనమంటావు అన్నావు. 5 మిల్లీమీటర్లదే దర్జాగా ఉందని మీ తమ్ముడు పక్కనుంచి అరవడం కూడా వినిపించింది. రెండు ముక్కల్లో చెప్పడం నాకు చేతకాదని మీ నాన్నకు బాగా తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

ముందు నువ్వు చెప్పు, ఆ కత్తితో ఏం చేస్తావు? జామకాయ కోస్తావు. తాడు తెంపుతావు. పొయ్యి రాజేయడానికి ఎండుపుల్లను చెక్కి పొట్టు తీస్తావు. మహా అయితే సన్నపాటి చిదుగులు చీలుస్తావు. అరకులో నువ్వేమీ పులిని ఎదుర్కోబోవడం లేదు కదా. ఈ పనుల్లో 5 మిల్లీమీటర్ల కత్తి కావలసింది ఒక్కటీ లేదని తమ్ముడికి మెల్లగా చెప్పు.

ఆ అంకె దేన్ని కొలిచిందో కూడా తెలుసుకో. కత్తికి ఒకవైపు పదును ఉంటుంది, దానికి ఎదురుగా మొద్దుగా ఉండేది వెన్ను. దుకాణాలవాళ్ళు రాసేది వెన్ను మందం. అక్కడి నుంచి పదును దాకా ఉక్కు ఎలా సన్నబడుతూ వస్తుందో వాళ్ళు చాలాసార్లు రాయరు. అసలు కథ మాత్రం అక్కడే ఉంది.

చందనోత్సవం నాడు సింహాచలం వెళ్ళావు కదా? అప్పన్న స్వామి నిజరూపం కనిపించేది ఏడాది మొత్తం మీద ఆ అక్షయ తృతీయ నాడే కాబట్టి కొండ మీద ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ గుంపులోకి బక్కపలచని కుర్రాడొకడు దూరాడనుకో. ఇద్దరి మధ్య సందు చూసుకుని జారిపోతాడు, వాడు వెళ్ళినట్టు కూడా ఎవరికీ తెలియదు. అదే మన కిరాణా కొట్టు మావయ్య లాంటి భారీ మనిషి వెళితే? ఆయన అడుగు పడకముందే ఎదుట ఉన్నవాళ్ళు అటొకరు ఇటొకరు జరగాలి. సన్నకత్తి ఆ కుర్రాడు, మందపు కత్తి మావయ్య. అమ్మను పక్కన పెట్టుకుని ఒక లావుపాటి క్యారెట్ కోసి చూడు. సన్నకత్తి అడుగు దాకా చప్పుడు లేకుండా దిగుతుంది. మందపు కత్తి సగం దాకా కోసి, ఆ తరవాత టక్కుమని పగలగొడుతుంది. ఆ ముక్క మీద వేలితో రాసి చూస్తే, కోసినంత మేరా నున్నగా తగులుతుంది, పగిలిన చోటు నుంచి గరుకుగా ఉంటుంది.

మరి అందరూ సన్నకత్తే కొనుక్కోవచ్చు కదా? గుంపు ఒక్కసారిగా పక్కనుంచి తోసిందనుకో, కుర్రాడు విల్లులా వంగిపోతాడు, మావయ్య చలించడు. గట్టి పుల్లను చెక్కేటప్పుడు చెయ్యి కాస్త మెలి తిరిగినా సన్నకత్తికి అదే గతి. ఇక్కడొక వింత ఉంది. 2 మిల్లీమీటర్ల రేకు కన్నా 4 మిల్లీమీటర్ల రేకును వంచడం రెండింతలు కష్టమనుకుంటాం. కాదు, ఎనిమిదింతలు కష్టం! 3 మిల్లీమీటర్లదైతే మూడింతల పైమాటే. కారణం మీ సైన్సు మాస్టారు బోర్డు మీద లెక్క వేసి చూపిస్తారు. నువ్వు మాత్రం ముందు మీ ప్లాస్టిక్ స్కేలును పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి వంచి చూడు. ఈ వయసులో నాకూ అది వింతగానే ఉంటుంది.

మావయ్యల్లోనూ తెలివైన మావయ్య ఉంటాడు. ఛాతీ విరుచుకుని ఎదురుగా నడవడు. పక్కకు తిరిగి, ముందు భుజం దూర్చి, ఆ వెనక మనిషంతా నెమ్మదిగా వస్తాడు. వెన్ను 3 మిల్లీమీటర్లున్నా, అక్కడి నుంచి పదును దాకా వాలుగా నూరిన కత్తి ఇలాగే వెళుతుంది. వెన్ను మందమే దాదాపు చివరి దాకా ఉంచి, అంచున మాత్రం ఇంత వాలు పెట్టిన కత్తి ఛాతీ విరుచుకున్న రకం. కాబట్టి బొమ్మలో వెన్నును చూసి మురిసిపోవద్దు, పదునుకు కాస్త పైన ఎంత సన్నంగా ఉందో చూడు. ఆ గుంపులో పులిహోర పొట్లాలు పట్టుకున్నవాళ్ళ సంగతి కూడా చెబుదామనుకున్నాను గానీ, మీ నానమ్మ ఇక చాలంటోంది.

చిన్నప్పుడు భీమిలి దగ్గర మా ఊళ్ళో తాటితోపు ఉండేది. కల్లు గీసే ఆయన నడుముకు చెక్క ఒర ఒకటి వేలాడేది, అందులో రెండు కత్తులు. ఒకటి మట్టలు నరకడానికి, బండ వెన్నుతో, బరువుగా. రెండోది వెడల్పుగా, రేకులా ఉండేది. చెట్టెక్కి గెల కొసను దానితో ఉల్లిపొరంత పలచగా చెక్కేవాడు. పొర మందంగా తీస్తే గెల తొందరగా అరిగిపోతుందని, తెగకుండా నలిగితే సరిగా ఊరదని చెప్పేవాడు. మధ్యాహ్నం పూట చెట్టు నీడన కూర్చుని, ఒక చెక్కబద్ద మీద పలుగురాయి పొడి చల్లి ఆ కత్తిని అటూ ఇటూ లాగుతుంటే వచ్చే ఆ బరబర చప్పుడు వినడానికే మేం చుట్టూ చేరేవాళ్ళం. నూరడం అయ్యాక ముంజేతి మీద వెంట్రుకలు గీసి చూసుకునేవాడు. మాకు ముంజెలు కొట్టి ఇవ్వమంటే మాత్రం సన్నకత్తిని ముట్టుకునేవాడు కాదు, బండకత్తే తీసేవాడు. దేని పని దానిదేనని ఆయన ఎన్నడూ మాకు పాఠం చెప్పలేదు. చేసి చూపించేవాడు, అంతే. ఇప్పుడు చాలామంది మాట్లాడి చూపిస్తున్నారు, నేనూ ఆ జాబితాలోకే వస్తాను.

దూరదేశాలవాళ్ళదీ ఇదే తంతు. స్వీడన్‌లో మోరా అనే ఊరి కత్తులు చాలా పేరున్నవి. అక్కడ తయారయ్యే కంపానియన్ అనే మామూలు రకం 2.5 మిల్లీమీటర్లే. మోటు పనులకని చేసిన రకం కూడా 3.2 దాటదు. ఫ్రాన్స్‌లో జోసెఫ్ ఓపినెల్ 1890లో మొదలుపెట్టిన మడత కత్తుల్లో 8వ నంబరుది 2 మిల్లీమీటర్ల కన్నా సన్నం. పళ్ళు, రొట్టె, జున్ను కోసుకోవడానికి అంతకు మించి అక్కర్లేదు. నీకు పుల్లలు చెక్కే పని కూడా ఉంది కాబట్టి 2.5 నుంచి 3 మిల్లీమీటర్ల మధ్య, 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవున్నది తీసుకో. ఇంటికి వచ్చాక కొలవడం తేలికే. ప్రింటర్ కాగితం ఒక్కొక్కటి మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. పాతిక కాగితాలు పేర్చి వెన్ను పక్కన పెడితే 2.5 అంటే ఎంతో కంటికే తెలుస్తుంది. పెద్ద కట్టెలు చీల్చే పని పడితే చిన్న గొడ్డలి ఉంటుంది, దాన్ని పెద్దవాళ్ళకు వదిలెయ్. కొబ్బరికాయ చిప్ప ఊడదీయడానికి కత్తి మొనను వాడావో, ఎంత మందం కత్తైనా మొన ఎగిరిపోతుంది.

సముద్రం పక్కన ఉన్నాం కాబట్టి ఇంకో మాట. తుప్పు విషయంలో మందం మనకేమీ సాయపడదు. బీచ్ రోడ్డు ఇళ్ళ కిటికీ ఊచలు వేలి లావున్నా పొరలు పొరలుగా లేస్తాయి, చూశావుగా? అందుకని స్టెయిన్‌లెస్ రకం తీసుకో. నిమ్మకాయ కోసినా, మామిడికాయ కోసినా వెంటనే కడిగి తుడువు.

మన ఊళ్ళోనే ఉక్కు కర్మాగారం ఉండగా కత్తి ఎక్కడి నుంచో తెప్పించడమేమిటని తమ్ముడు తప్పకుండా అడుగుతాడు. 1992లో జాతికి అంకితమైన ఆ కర్మాగారంలో ప్రధానంగా తయారయ్యేవి ఇళ్ళకు, వంతెనలకు వాడే కడ్డీలు, తీగచుట్టలు. ఇంటి కడ్డీ వంగినా విరగకూడదు, కత్తికి పదును నిలవాలి. అందుకని కత్తి ఉక్కులో కర్బనం పాలు ఎక్కువ ఉంటుంది. రెండూ ఉక్కే, పెంపకం వేరు.

కత్తి ఎప్పుడూ ఒరలోనే ఉండాలి. బడికి తీసుకెళ్ళకూడదు. చెక్కేటప్పుడు పదును నీకు దూరంగా కదలాలి, ఎవరికైనా ఇచ్చేటప్పుడు పిడి వాళ్ళవైపు ఉండాలి. మొద్దుకత్తే ఎక్కువ గాయాలు చేస్తుంది, ఎందుకంటే దాన్ని బలంగా నొక్కుతాం, అది జారుతుంది.

కొనేముందు ఒక ఆదివారం పొద్దున్నే నాన్నతో ఫిషింగ్ హార్బరుకు వెళ్ళు. చేపలు కోసే ఆడవాళ్ళ దగ్గర నిలబడి వాళ్ళ కత్తిపీటల్ని చూడు. వెన్ను ఎంతుంది, పదును దగ్గర ఎంతుంది, వంజరం నడిమి ముల్లు తెగేటప్పుడు చప్పుడెలా వస్తుంది, మెత్తటి కండ తెగేటప్పుడు ఎలా వస్తుంది, గమనించు. ముట్టుకోవద్దు, వాళ్ళ పనికి అడ్డం పడొద్దు. తీరిగ్గా ఉన్నప్పుడు మాత్రం ఎన్నాళ్ళకోసారి నూరిస్తారో అడిగి నాకు రాయి. వచ్చేటప్పుడు వంజరం కొనొద్దని నాన్నకు చెప్పు, మీ నానమ్మకు పండుగప్ప అయితేనే ముద్ద దిగుతుంది.

ఇట్లు
మీ తాతయ్య