ఒక రోజు ఆలస్యంగా, నూరేళ్ళు ఆలస్యంగా వచ్చిన పండుగ

1952లో హైదరాబాద్ నుంచి వేరుపడిన ఓరుగల్లు మేత్రాసనంలో (ఒక బిషప్పు పరిధిలోని కతోలిక ప్రాంతంలో), కాజీపేట ఫాతిమానగర్ కతెడ్రల్ మొదలుకొని పల్లె విచారణల (స్థానిక చర్చి పరిధుల) దాకా, ఆగస్టు 29న యేసుకు బాప్తిస్మమిచ్చిన స్నాపక యోహాను శిరచ్ఛేదనాన్ని స్మరిస్తారు. పునీత (సెయింట్) జీన్ జుగాన్ 1879లో కన్నుమూసింది కూడా అదే తేదీన. అందువల్ల వృద్ధుల సేవకు ‘లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్’ అనే కన్యాస్త్రీల సభను నెలకొల్పిన ఆమె పండుగను మరునాడు జరుపుతారు. సికింద్రాబాద్‌లో ఆ సభవారి వృద్ధాశ్రమం ఉన్నందున ఆమె పేరు ఇక్కడి కతోలికులకు మరీ కొత్తది కాదు. పండుగ ఒక రోజు ఆలస్యం కావడానికి కారణం ఇంతే. స్థాపకురాలిగా ఆమె పేరు చెప్పుకోవడానికే దశాబ్దాలు పట్టడం వేరే కథ.

1792లో ఫ్రాన్స్‌లోని కాంకాల్ రేవులో జాలరి ఇంట పుట్టిన జీన్, 1839 చలికాలంలో సాన్ సెర్వాన్ పట్టణంలో చూపు పోయి, పక్షవాతంతో పడివున్న ఆన్ షోవాన్ అనే ముసలమ్మను తన ఇంటికి తెచ్చి, తన మంచం ఆమెకిచ్చి, తాను అటక మీద పడుకుంది. తర్వాత చేరిన వృద్ధురాళ్ళలో అడుక్కుని బతికినవారు ఉంటే, వారికి బదులు తానే బుట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. 1845లో ఫ్రెంచ్ అకాడమీ ఆమెకు సత్కార్యాలకు ఇచ్చే మోంటియోన్ బహుమతి ఇచ్చింది. అప్పటికే, 1843లో తోటి సోదరీమణులు ఆమెను తమ అధిపతిగా ఎన్నుకున్నా, ఆ సభ బాధ్యత చూస్తున్న ఫాదర్ ల పైయెర్ ఆ ఎన్నికను రద్దుచేసి, వయసులో ఎంతో చిన్నదైన మరీ జామెను ఆ స్థానంలో కూర్చోబెట్టాడు. 1852లో జీన్‌ను మఠానికి పిలిపించి, బయటి పనులన్నీ మాన్పించాడు. స్థాపకుడిని తానేనని చెప్పుకున్నాడు. ఎవరినీ నిందించకుండా ఆమె 27 ఏళ్ళు అక్కడే గడిపింది. ఆ మౌనాన్ని వినయమని పొగడటం తేలికే కానీ, జరిగింది అన్యాయమేనని కూడా చెప్పాలి.

1890లో రోములోని కతోలిక అధిష్ఠానం ల పైయెర్‌ను పదవి నుంచి తప్పించింది. జీన్ 1982లో ధన్యురాలిగా (పునీత హోదాకు ముందు మెట్టు), 2009 అక్టోబర్ 11న పునీతురాలిగా ప్రకటితమైంది.

కరీంనగర్, జగిత్యాల పల్లెల్లో కొడుకులు గల్ఫ్‌కు పోగా తల్లిదండ్రులు ఒంటరిగా మిగిలిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం ఉండాలని 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టం చెబుతుంది. జీన్ సభ మాత్రం, 1865లో ఆమె సలహాతోనే, స్థిరమైన ఆదాయం వద్దనుకుంది. అందుకే ఆ సిస్టరమ్మలు ఈనాటికీ విరాళాల కోసం తిరుగుతారు. ఆమె మరణించేనాటికి సభలో 2,400 మంది సోదరీమణులు ఉన్నారు; ఆమెతో ఒకే కప్పు కింద బతికిన యువ సోదరీమణుల్లో చాలామందికి ఆమె ఒకప్పుడు బుట్ట పట్టుకుని తిరిగిన ముసలి సిస్టరమ్మగానే తెలుసు.