రైట్ వేల్స్ బక్కచిక్కాయని తేల్చింది డ్రోనే

అమెరికా తూర్పు తీరంలో రైట్ వేల్స్ అనే తిమింగలాలను పడవలు గుద్దకుండా వేగం తగ్గించాలనే గొడవ మళ్లీ పైకొచ్చింది. 65 అడుగులు, అంతకు మించిన నౌకలు ఏడాదిలో కొన్ని నెలలు, కొన్ని చోట్ల 10 నాట్ల (గంటకు సుమారు 18.5 కిలోమీటర్ల) వేగం దాటకూడదనే నిబంధన 2008 నుంచీ ఉంది. దాన్ని 35 అడుగుల పడవలకూ పెట్టాలని 2022లో ప్రతిపాదించారు. వచ్చిన సుమారు 90 వేల అభిప్రాయాలను పరిశీలించే సమయం లేదంటూ 2025 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. ఉత్తర అట్లాంటిక్ రైట్ వేల్స్ మిగిలినవి 380 దాకా మాత్రమే.

తిమింగలాలను వేటాడిన పాత కాలం సంగతులు తెలిసినవే, ఇది ఇటీవలి కథ. 2017లో 17 చనిపోయాయి. ఆ వెంటనే వచ్చిన ప్రసవాల సీజన్‌లో ఒక్క పిల్ల కూడా కనబడలేదు. చావులు సరే, పుట్టుకలు ఎందుకు ఆగాయి? నా దృష్టిలో అసలు మలుపు ఈ ప్రశ్న దగ్గరే ఉంది. దీనికి జవాబు వెతకడంలో డ్రోన్ బాగా అక్కరకొచ్చింది.

తిమింగలాన్ని తూకం వేయలేం. 500 గజాల లోపుకి పడవగానీ డ్రోన్‌గానీ వెళ్లడానికి చట్టం ఒప్పుకోదు, పరిశోధకులకైనా ప్రత్యేక అనుమతి ఉండాలి. ఊపిరి కోసం అది పైకి తేలినప్పుడు నేరుగా పైనుంచి ఫొటో తీస్తారు. డ్రోన్ ఎంత ఎత్తులో ఉందో తెలిస్తే చాలు, ఒంటి పొడవూ వెడల్పూ లెక్కకొస్తాయి. వెడల్పు తగ్గిందంటే కొవ్వు కరిగిందన్నమాట. ఫ్లోరిడా, జార్జియా తీరాల్లో ఈనే తల్లి అక్కడున్నన్నాళ్లూ దాదాపు ఏమీ తినదు. ఆ కొవ్వుతోనే పిల్లకు పాలివ్వాలి.

అర్జెంటీనా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైపు ఉండే దక్షిణాది రైట్ వేల్స్‌తో పోల్చితే ఇవి బాగా చిక్కిపోయాయని 2020లో తేలింది. విమానాల నుంచి తీసిన పాత ఫొటోలను కొత్త డ్రోన్ ఫొటోలతో పోల్చి చూసిన 2021 అధ్యయనం ఇంకా కలవరపెట్టింది. 2019లో పుట్టినది పెరిగి పెద్దదైనా, 1981లో పుట్టినదాని కంటే సుమారు మీటరు పొట్టిగానే ఉంటుందట. పీతల, లాబ్‌స్టర్ బోనుల తాళ్లు ఒంటికి చుట్టుకుంటే వాటిని నెలల తరబడి ఈడ్చుకుంటూ తిరగాలి, ఆ శ్రమకే ఒళ్లు కరిగిపోతుంది. తాళ్లలో చిక్కుకున్న తల్లుల పిల్లలు కూడా చిన్నగానే పెరుగుతున్నాయి.

ఈనగలిగే ఆడవి 70 దాకా ఉన్నాయి. ఇంత నీరసించిన మందలో ఒక్క తల్లి పోయినా, ఒక్క పిల్ల పోయినా ఆ లోటు తీరడానికి ఏళ్లు పడుతుంది. వేగం గొడవను ఈ లెక్కతో కలిపి చూడాలి.

అలల్లో 10 నాట్లతో నడపడం ప్రమాదమనీ, ఉపాధి దెబ్బతింటుందనీ, చిన్న పడవలు గుద్దడం చాలా అరుదనీ పడవల యజమానులు అంటారు. 2021 ఫిబ్రవరిలో ఫ్లోరిడా తీరంలో ఒక చేపల వేట పడవ గుద్ది రైట్ వేల్ పిల్ల చనిపోయింది, తల్లి గాయపడింది. ఆ పడవ పొడవు 54 అడుగులు. 2008 నిబంధన దానికి వర్తించదు.