స్ట్రైపర్ గాలం: రారిటన్ బే ఒడ్డున రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

వారాంతాల్లో న్యూజెర్సీలో, రారిటన్ బే ఒడ్డునున్న కీపోర్ట్ దగ్గర ఒక ఎరల షాపులో కౌంటర్ చూసుకుంటాను. మిగతా ఖాళీ టైమంతా నేనూ ఒడ్డునే ఉంటాను. ఎడిసన్, పిస్కాటవే వైపు నుంచి మన తెలుగు కుర్రాళ్ళు చాలామంది వస్తుంటారు. "అన్నా, స్ట్రైపర్ ఎక్కడ పడుతోంది?" అన్నది మొదటి ప్రశ్న. దాని వెనకే యూట్యూబ్‌లో చూసినవి, ఆఫీసులో విన్నవి ఓ పది మాటలు దొర్లుతాయి. వాటిలో సగం తప్పులే. అలా ఎక్కువగా వినే వాటికి ఇక్కడ జవాబు చెబుతాను.

ముందుగా చేప సంగతి. స్ట్రైపర్ అంటే స్ట్రైప్డ్ బాస్. వెండి రంగులో ఉంటుంది, పక్కల పొడవునా ఏడెనిమిది నల్ల చారలుంటాయి. ఎదిగాక సముద్రంలో తిరుగుతుంది, గుడ్లు పెట్టడానికి వసంతంలో మంచినీటి నదిలోకి ఎదురెక్కుతుంది. ఈ ఒక్క విషయంలో మన గోదావరి పులసకు చుట్టమే అనుకోండి. తేడా ఏమిటంటే పులస కోసం వల వేస్తాం, ఇది గాలానికి పడుతుంది. పైగా పెద్ద చేపలు మన ముందు నుంచి ఏడాదికి రెండుసార్లు వెళ్తాయి, ఉత్తరానికి పోతూ ఒకసారి, దక్షిణానికి తిరిగొస్తూ ఒకసారి. ఇది దారిన పోయే చేప అన్న సంగతి మర్చిపోవడం వల్లే చాలా అపోహలు పుడతాయి.

అపోహ: మార్చి 1న సీజన్ తెరుస్తారు కదా, ఆ రోజు వెళ్తే చేపలే చేపలు.

మార్చి 1 చట్టం పెట్టిన తేదీ. న్యూజెర్సీలో జనవరి, ఫిబ్రవరి నెలల్లో నదుల్లో, బేలలో స్ట్రైపర్ పట్టకూడదు. సముద్రం వైపు, తీరం నుంచి మూడు మైళ్ళ దాకా, ఆ నిషేధం లేదు. మూడు మైళ్ళు దాటితే కేంద్ర ప్రభుత్వ జలాలు. అక్కడ 1990 నుంచి స్ట్రైపర్ వేట పూర్తిగా బంద్. పడవ మీద వెళ్ళేవాళ్ళు ఈ గీత గుర్తుపెట్టుకోవాలి.

చేపకు మాత్రం క్యాలెండర్‌తో పని లేదు, దాన్ని కదిలించేది నీటి వేడి. కొన్ని స్ట్రైపర్లు చలికాలమంతా నదుల్లో, బే లోతుల్లో కదలకుండా పడుంటాయి. నీరు 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉన్నంతసేపూ వాటికి తిండి ధ్యాస ఉండదు. 45 దాటి 50 వైపు వెళ్తుంటే నోరు తెరుస్తాయి. అందుకే మార్చి మొదట్లో తెల్లవారుజామున చలికి వణుకుతూ గాలం వేసేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. వేసవిలో ఆ టైమ్ బాగుంటుంది, మార్చిలో మధ్యాహ్నం రావాలి.

బే వెనక భాగంలో నీరు తక్కువగా ఉండే నల్ల బురద మేటలు ఉంటాయి. ఎండంతా ఆ బురదే తాగుతుంది. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల వేళ ఆటు మొదలై ఆ మేటల మీద నుంచి నీరు దిగుతుంటే, పక్కనున్న కాలువలోకి కాస్త వెచ్చటి నీరు జారుతుంది. థర్మామీటర్ పెట్టి చూస్తే తేడా రెండు మూడు డిగ్రీలే. చేపలకు అది చాలు, సరిగ్గా ఆ అంచునే నిలబడతాయి. చిన్న కొక్కేనికి బ్లడ్‌వార్మ్ అనే సముద్రపు పురుగు ముక్కో, క్లామ్ అనే నీటి చిప్ప మాంసమో గుచ్చి, బరువు కట్టి ఆ అంచులో వేసి ఊరుకోవాలి. చల్లటి నీటిలో చేప మెల్లగా తింటుంది. రాడ్ కొన రెండుసార్లు చిన్నగా అదురుతుంది, అంతే. అప్పుడే గట్టిగా లాగారంటే ఎర మాత్రమే చేతికొస్తుంది. కొన నిదానంగా వంగి అలాగే ఉండిపోయాక చుట్టడం మొదలుపెట్టండి.

ఏప్రిల్లో కథ మారుతుంది. స్ట్రైపర్ తినే బంకర్ అనే చేపల గుంపులు బేలోకి వస్తాయి, వాటి వెనక పెద్ద చేపలు వస్తాయి. కొన్ని హడ్సన్ నది ఎక్కి గుడ్లు పెట్టి మే, జూన్‌లలో దిగుతాయి. అట్లాంటిక్ తీరంలో తిరిగే స్ట్రైపర్లలో చాలా భాగం పుట్టేది చెసపీక్ బేలో కలిసే నదుల్లో. అవీ గుడ్లు పెట్టాక మన తీరం వెంటే ఉత్తరానికి సాగుతాయి. జూలై వచ్చేసరికి పెద్దవన్నీ మాంటాక్, కేప్ కాడ్, మెయిన్ వైపు చేరతాయి. ఎండాకాలంలో బీచ్‌లో పగలంతా గాలం వేసి "చేపలే లేవు" అని తిట్టుకుంటే లాభం లేదు, అవి ఊళ్ళో లేవు. అక్టోబర్ చివరి నుంచి డిసెంబర్ దాకా మళ్ళీ దక్షిణానికి దిగుతాయి. అప్పుడు శాండీ హుక్, ఐలాండ్ బీచ్ స్టేట్ పార్క్ ఇసుక మీద నిలబడ్డవాడికి పండగే.

అపోహ: పోటు నిండుగా ఉన్నప్పుడే చేప పడుతుంది.

ఇది అందరూ చెప్పే మాట, అందుకే ఎక్కువమందిని చెడగొట్టింది. నీరు ఎంత ఎత్తున ఉందన్నది కాదు, ఎంత వడిగా కదులుతోందన్నది ముఖ్యం. పోటు పూర్తిగా నిండి నీరు ఆగిన ఆ కాసేపూ చాలాచోట్ల చేప కూడా ఆగిపోతుంది. ఇలాంటి చోట్ల స్ట్రైపర్ ఎక్కువగా తరుముకుంటూ వేటాడదు. వడికి అడ్డంగా ఉన్న రాయి, వంతెన స్తంభం, కాలువ మలుపు లాంటి చోట దాక్కుని, కొట్టుకొచ్చే చిన్న చేపల కోసం కాచుకుంటుంది. నీరు కదలకపోతే దాని భోజనమూ కదలదు.

ఇంకో చిక్కుంది. ఫోన్‌లో పోటు టైమ్ చూసి వస్తారు, కానీ అది ఏ చోటిదో చూడరు. హడ్సన్‌లో ఆటుపోట్లు ట్రాయ్ దగ్గరి ఆనకట్ట దాకా, మన్‌హట్టన్ కొసన ఉన్న బ్యాటరీ నుంచి దాదాపు 150 మైళ్ళు, ఎగబాకుతాయి. బ్యాటరీలో పోటు నిండిన చాలా గంటలకు గానీ పైన నిండదు. సముద్రం నుంచి బేలోకి నీరు వచ్చే సన్నటి దారుల్లోనూ (ఇన్‌లెట్లు) అంతే. నీటిమట్టం దిగడం మొదలైనా, ప్రవాహం ఇంకా లోపలికే పోతుంటుంది. పోటు పట్టికతో పాటు ప్రవాహాల పట్టిక కూడా చూడాలి. రెండూ ఉచితంగానే దొరుకుతాయి.

రాత్రి వంతెన కింద ఒకసారి గమనించండి. పైన దీపాల వల్ల నీటి మీద వెలుగుకూ నీడకూ మధ్య గీత గీసినట్టు హద్దు కనబడుతుంది. చేపలు నీడ వైపు, నీరు వచ్చే దిక్కుకు మూతి పెట్టి వరసగా నిలబడతాయి. ఎరను వెలుగులో వేసి, వడి దాన్ని నీడలోకి తోసేలా వదలాలి. బక్‌టెయిల్ జిగ్ (బరువైన తలకు వెంట్రుకలు కట్టిన కృత్రిమ ఎర) వేస్తే దాని బరువు అడుగును తాకీ తాకనట్టు ఉండాలి. నీడలోకి దాటిన రెండో క్షణంలోనే దెబ్బ తగులుతుంది.

అపోహ: పెద్ద చేప పడితే దాన్నే ఇంటికి తెచ్చుకోవాలి, చిన్నవి వదిలేయాలి.

ఇప్పుడు ఇది నేరం. 2023లో తీర రాష్ట్రాల ఉమ్మడి సంస్థ అట్లాంటిక్ స్టేట్స్ మెరైన్ ఫిషరీస్ కమిషన్ అత్యవసర నిర్ణయం తీసుకుని, సముద్ర తీరంలో ఉంచుకోదగ్గ చేప పొడవును 31 అంగుళాలకు మించకూడదని కట్టడి పెట్టింది. అంటే 28 నుంచి 31 అంగుళాల మధ్య ఉన్న చేప, అదీ మనిషికి రోజుకు ఒక్కటే. 40 అంగుళాలది పడితే ఫోటో తీసుకుని వదిలేయాల్సిందే. ఈ కొలతలు మారుతుంటాయి, రాష్ట్రానికో రకంగానూ ఉంటాయి. బయలుదేరేముందు మీ రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ వెబ్‌సైట్ చూసుకోండి.

కారణం సూటిగా ఉంది. బాగా పెద్దవన్నీ దాదాపు ఆడ చేపలే. 12 పౌండ్ల ఆడది సుమారు 8 లక్షల 50 వేల గుడ్లు పెడితే, 55 పౌండ్లది 40 లక్షలకు పైగా పెడుతుంది. అవతల పిల్లల పరిస్థితి బాగోలేదు. మేరీలాండ్ వాళ్ళు 1954 నుంచి ఏటా చెసపీక్ నదుల్లో వల లాగి ఆ ఏడు పుట్టిన పిల్లలను లెక్కిస్తున్నారు. ఒక్కోసారి వల లాగితే పడే పిల్లల దీర్ఘకాలపు సగటు సుమారు 11. 2011లో 34.6 వచ్చింది, 2015లో 24.2 వచ్చింది. 2023లో వచ్చింది 1.0. 2019 నుంచి వరసగా సగటు కన్నా బాగా కిందే ఉంటోంది. ఇప్పుడు అంతకుముందు పుట్టినవాటి మీదే మనమంతా బతుకుతున్నాం. అవి పోతే వెనక వచ్చే వరస పలచగా ఉంది. 1980ల మొదట్లో ఇలాగే కుప్పకూలితే 1984లో అమెరికా కాంగ్రెస్సే చట్టం చేయాల్సొచ్చింది, కోలుకుందని ప్రకటించేసరికి 1995 అయింది.

అపోహ: నీటిలో వదిలేశాం కదా, బతికేస్తుంది.

అన్నీ బతకవు. వదిలేసిన ప్రతి వందలో తొమ్మిది చనిపోతాయన్న లెక్కతోనే శాస్త్రవేత్తలు చేపల అంచనా వేస్తారు. అది సగటు. కొక్కెం గొంతులో దిగినా, నీరు వేడెక్కినా అంతకంటే బాగా ఎక్కువ పోతాయి. ఒక్కరే ఒక పూటలో ముప్పై పట్టి వదిలి "నేనొక్కటీ చంపలేదు" అంటుంటే నాకు నవ్వొస్తుంది.

2021 నుంచి సహజమైన ఎర వాడితే సర్కిల్ హుక్ తప్పనిసరి. దాని మొన లోపలికి తిరిగి ఉంటుంది కాబట్టి గొంతులో పట్టకుండా జారి పెదవి మూలలో దిగుతుంది. చేప తగలగానే గట్టిగా ఎగలాగే అలవాటు మాత్రం మానుకోవాలి, చుట్టుకుంటూ పోతే అదే పడుతుంది. బంకర్‌ను మూడు మొనల కొక్కెంతో గుచ్చి, దాంతోనే కింద వదిలి స్ట్రైపర్ కోసం చూసే పాత పద్ధతి ఇప్పుడు చెల్లదు. బంకర్‌ను పైకి లాగి సర్కిల్ హుక్‌కు మార్చాలి. గ్యాఫ్ (చేపను గుచ్చి పైకి లాగే కొక్కెం కర్ర) వాడకం మీదా నిషేధం ఉంది.

చేతులు తడిపి పట్టుకోండి, పొట్ట కింద రెండో చెయ్యి ఆనించండి. దవడ పట్టుకుని నిలువునా వేలాడదీస్తే పెద్ద చేపకు లోపల దెబ్బ తగులుతుంది. ఇసుకలో పొర్లించి సెల్ఫీ తీసుకోవడం ఇంకా దారుణం. వడికి ఎదురుగా మూతి పెట్టి నీటిలో పట్టుకుంటే, ఓపిక వచ్చాక అదే తోక విదిలించి పోతుంది. నీరు 70 డిగ్రీలు దాటిందంటే నా మటుకు నేను గాలం ఇంట్లో పెట్టేస్తాను.

అపోహ: పులుసు పెట్టి బాగా మరిగిస్తే విషాలన్నీ పోతాయి.

మనవాళ్ళ కోసం ఇది కాస్త విడమరచి చెప్పాలి. హడ్సన్ ఎగువన ఉన్న జనరల్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీల నుంచి 1947–1977 మధ్య పీసీబీ అనే రసాయనం సుమారు 13 లక్షల పౌండ్ల దాకా నదిలో చేరింది. దాని వల్ల 1976లో హడ్సన్‌లో వ్యాపారానికి స్ట్రైపర్ పట్టడం ఆపేశారు. ఈ రసాయనం క్రిముల్లాంటిది కాదు, మరిగిస్తే చావదు. అది చేప కొవ్వులో ఉంటుంది.

ఇప్పుడు మన వంట చూడండి. తోలుతో సహా ముక్కలు కోసి, తలకాయ కూడా వేసి, చింతపండు పులుసులో సన్న సెగ మీద పెడతాం. పైన తేలే ఆ నూనెలోనే రుచంతా ఉందని మరో గరిటె వడ్డిస్తాం. కరిగిన చేప కొవ్వు ఉండేది సరిగ్గా అక్కడే. కాబట్టి ఈ చేపకు తోలు తీసేయాలి, వీపు పొడవునా, పొట్ట దగ్గర ఉండే కొవ్వు, పక్కన చార వెంట ఉండే ముదురు ఎరుపు మాంసం కోసి పారేయాలి. తెల్లటి కండకు ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి గ్రిల్ మీద కాలిస్తే కొవ్వు కిందికి కారిపోతుంది. కారినది సాస్‌లో కలపొద్దు. పులుసే కావాలంటే ఇంకో చేపతో పెట్టుకోండి.

అప్పుడు కూడా హద్దుంది. కాట్‌స్కిల్ నుంచి కిందికి హడ్సన్‌లో పట్టిన చేపలేవీ 50 ఏళ్ళలోపు స్త్రీలు, 15 ఏళ్ళలోపు పిల్లలు తినకూడదని న్యూయార్క్ ఆరోగ్య శాఖ ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చింది. మిగతావాళ్ళకు స్ట్రైపర్ నెలకు ఒక పూటే అని హద్దు పెట్టింది. ఇప్పటి సూచన ఏమిటో చూసుకోండి. "నేను బేలో పట్టాను, హడ్సన్‌లో కాదు" అంటారు. ఆ చేప పోయిన నెల ఎక్కడుందో మీకెలా తెలుసు? న్యూజెర్సీ ప్రభుత్వం కూడా విడిగా సూచనలు ఇస్తుంది, వాటినీ చూడండి.

అపోహ: షాపులో అమ్మే స్ట్రైప్డ్ బాస్ కూడా ఇదే.

చాలావరకు కాదు. గ్రోసరీలో ఐసు మీద పెట్టేది ఎక్కువగా చెరువుల్లో పెంచిన సంకర రకం, స్ట్రైప్డ్ బాస్‌నూ వైట్ బాస్‌నూ కలిపి పుట్టించింది. దాని చారలు మధ్యలో తెగి ముక్కలు ముక్కలుగా ఉంటాయి. పులుసుకు అదే మేలు. న్యూజెర్సీలో స్ట్రైపర్‌ను వ్యాపారానికి పట్టడం కుదరదు, కాబట్టి మీరు పట్టిందాన్ని ఫ్రెండ్‌కు అమ్ముకోవాలన్న ఆలోచన పెట్టుకోవద్దు.

అపోహ: నాలుగు వందల డాలర్ల రాడ్ లేకపోతే దండగ.

మంచి కొక్కేలు, తాజా ఎర, ఒక థర్మామీటర్ కొనుక్కోండి. మాకు రాడ్లు అమ్మితేనే లాభం, అయినా చెబుతున్నాను.

అపోహ: సముద్రంలో గాలం వేయడానికి కాగితాలేం అక్కర్లేదు.

న్యూజెర్సీలో డబ్బు కట్టే లైసెన్స్ లేదు గానీ, ఉప్పునీటి వేటగాళ్ళ రిజిస్ట్రీలో ఉచితంగా పేరు నమోదు చేసుకోవాలి, ఏటా. ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. కనెటికట్, మసాచుసెట్స్ వెళ్తే అక్కడి లైసెన్స్ తీసుకోవాలి.

అపోహ: కాలిఫోర్నియాలో పడేది వేరే చేప.

బే ఏరియాలో ఉన్న మనవాళ్ళు శాక్రమెంటో డెల్టాలో పట్టి ఫోటోలు పంపిస్తుంటారు. అది ఇక్కడి చేపే. 1879లో శాండీ హుక్ వెనకే ఉన్న నావసింక్ నది నుంచి 130కి పైగా చిన్న స్ట్రైపర్లను రైల్లో దేశం దాటించి, శాన్‌ఫ్రాన్సిస్కో పైన కార్కినెజ్ జలసంధిలో వదిలారు. 1882లో ఇంకో విడత వెళ్ళాయి. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి అక్కడ మార్కెట్లో టన్నుల లెక్కన అమ్మారు. మన 28–31 అంగుళాల నియమం మాత్రం అక్కడ వర్తించదు, వాళ్ళ కొలతలు వాళ్ళవి. లైసెన్స్ కూడా కొనాలి, సముద్రపు నీటిలో పబ్లిక్ పియర్ మీద నుంచి గాలం వేసేవాళ్ళకు తప్ప.