ఇంగ్లీషు ఎందుకు నేర్పుతున్నాం? కొన్ని అపోహలు, వాస్తవాలు

గుంటూరులో హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. జూన్‌లో అడ్మిషన్ల వేళ తల్లిదండ్రులు అడిగేది దాదాపు ఒకటే: "మావాడు ఎప్పటికి గలగలా మాట్లాడతాడండీ?" అసలు ఎందుకు నేర్పాలన్న ప్రశ్న ఎవరికీ రాదు. అపోహలన్నీ అక్కడే పుడతాయి.

అపోహ: మీడియం మారిస్తే ఇంగ్లీషు దానంతటదే వస్తుంది.

వాస్తవం: పాఠం అర్థం కాని పిల్లకు అటు సైన్సూ రాదు, ఇటు ఇంగ్లీషూ రాదు. ఫోటోసింథసిస్ (కిరణజన్య సంయోగక్రియ) అంటే ఏమిటని అడగండి, గైడులో ఉన్నది తడుముకోకుండా అప్పజెబుతుంది. "మరి రాత్రిపూట ఎందుకు జరగదమ్మా?" అంటే బిక్కమొహం వేస్తుంది.

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8వ తరగతి వరకు ఇంగ్లీషు మీడియమే ఉండాలని జీవో 81 వచ్చింది, తర్వాత దాన్ని 1 నుంచి 6కు కుదిస్తూ జీవో 85 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు రెండింటినీ కొట్టేసింది. గొడవంతా మీడియం మీదే నడిచింది కానీ, నాకు పనికొచ్చింది మాత్రం ఆ రోజుల్లోనే వచ్చిన ద్విభాషా పుస్తకాలు. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో. పిల్లలు ముందు తెలుగు పేజీ చదివేస్తారని కొందరికి కోపం. చదవనివ్వండి, విషయం తెలిశాక ఇంగ్లీషు పేజీకి భయం పోతుంది.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కోసం ఏర్పడిన ఇంగ్లీషు బోధన బృందం రెండు లక్ష్యాలు పెట్టింది. మామూలు అవసరాలకు సరిపడా భాష సహజంగా రావడం మొదటిది. చదువుతూ రాస్తూ ఆ భాషలో ఆలోచించగలగడం, కొత్త విషయం గ్రహించగలగడం రెండోది. మనం ఫీజు కట్టేది మొదటిదానికే. కెనడాకు వలస వచ్చిన పిల్లలను పరిశీలించిన పరిశోధకుడు జిమ్ కమిన్స్, మాటామంతీ రెండేళ్లలో వచ్చినా పాఠ్యభాష పట్టుబడటానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందన్నాడు. అదీ చుట్టూ ఇంగ్లీషే వినబడే చోట! మన పిల్లలకున్నది రోజుకో పీరియడ్.

అపోహ: బడిలో తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు పాడవుతుంది.

వాస్తవం: కొన్ని బళ్లలో దీనికి ఫైన్ కూడా వేస్తారు. శుద్ధ దండగ. ఒక భాషలో చదివి అర్థం చేసుకోవడం వచ్చిన పిల్లకు ఆ నేర్పు రెండో భాషకూ అక్కరకొస్తుంది. పాత గుంటూరు నుంచి వచ్చే పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు; ఆరో తరగతి నుంచి హిందీ కూడా. ఇన్ని భాషలు నడుపుకొచ్చేవాళ్ల నోరు మూయించి ఇంగ్లీషు నేర్పుతామంటే ఎలా? నా క్లాసులో కథ ఇంగ్లీషులో చదివి, చర్చ ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు చేసుకుని, జవాబు మళ్లీ ఇంగ్లీషులో రాస్తారు. గోల ఎక్కువే. గోల తగ్గించమని పక్క క్లాసు నుంచి కబురొస్తుంటుంది.

అపోహ: ముందు గ్రామరంతా రావాలి.

వాస్తవం: తెలుగు అలా నేర్చుకున్నామా?

అపోహ: యాస మారాలి.

వాస్తవం: అవతలివాళ్లకు అర్థమైతే చాలు.

పదో తరగతిలో ఇంగ్లీషు థర్డ్ లాంగ్వేజ్. పబ్లిక్ పరీక్షలో మాట్లాడటానికి మార్కుల్లేవు. అందుకే మాట్లాడించే పని బడిలో వెనకబడుతుంది, స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్లకు పంట పండుతుంది. అక్కడికి పంపేముందు ఇంట్లో ఒకటి చేసి చూడండి. టాబ్లెట్ల అట్ట మీద రాసింది చదివి నానమ్మకు తెలుగులోనో ఉర్దూలోనో చెప్పమనండి. ఎక్కడైనా ఆగిపోతే ఆ మాట నోట్సులో రాసి పంపండి, మర్నాడు క్లాసు అక్కణ్నుంచే మొదలుపెడతాను.