చాప్లిన్ ఫ్యాక్టరీ సీన్లు: ఒక ఎడిటర్ చూసిన అపోహలు, వాస్తవాలు

సినిమా ఎడిటింగ్ నా పని. కామెడీ సీన్ టేబుల్ మీదికి వచ్చిందంటే చాలు, ఎవరో ఒకరు చాప్లిన్ పేరు ఎత్తుతారు. ఆ వెంటనే ఓ తప్పు మాట కూడా అంటారు. చాప్లిన్ ఫ్యాక్టరీ కూలీగా వేసిన ‘మోడర్న్ టైమ్స్’ (1936) సినిమా గురించి నేను తరచూ వినేవి ఇవి.

అపోహ: స్పీడ్ పెంచితే నవ్వొస్తుంది.

వాస్తవం: స్పీడ్ పెంచిన మాట నిజమే. మాటల్లేని సీన్లు సెకనుకు 18 ఫ్రేముల (విడి బొమ్మల) లెక్కన తీసి, 24 లెక్కన ఆడించారు. కదలిక మూడో వంతు చురుకవుతుంది, అంతే. నవ్వు పుట్టేది వేరేచోట. ఫ్యాక్టరీలో కదిలే బెల్ట్ మీద నట్లు వస్తుంటాయి, చాప్లిన్ రెండు చేతుల్లో రెండు స్పానర్లు. ఒళ్లు దురద పెడుతుంది. గోక్కునేలోపు నట్లు దాటిపోతాయి. వాటి వెంటపడి పక్కవాడి పనికి అడ్డం వెళ్తాడు, వాడు తిడతాడు. బెల్ట్ ఆగదు. దురద ఆగదు. ఈ రెండూ ఒకే షాట్‌లో కనబడాలి.

ఇది నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. ఒక సినిమాలో కాలుజారి పడే గ్యాగ్‌ని (నవ్వించే బిట్‌ని) కాలు, మొహం, బకెట్ అంటూ ముక్కలు చేశాను. ప్రివ్యూలో ఒక్కరూ నవ్వలేదు. ఆ రాత్రే కట్లన్నీ తీసేసి, మొత్తం ఒకేసారి కనబడే వైడ్ షాట్ ఒక్కటే ఉంచాను. మర్నాడు నవ్వారు.

అపోహ: మాటలతో తీయడం చేతకాక మూకీగా తీశాడు.

వాస్తవం: అప్పటికి మన తెలుగు టాకీ వచ్చి నాలుగేళ్లయింది! చాప్లిన్ కూడా డైలాగులు రాసుకుని, టెస్టులు తీసి చూసి, వద్దనుకున్నాడు. ఫ్యాక్టరీలో మాటలు వినిపిస్తాయి, కానీ యంత్రాల్లోంచే. హాజరు కార్డు పంచ్ చేసి మరీ బాత్రూంకి వెళ్లి సిగరెట్ వెలిగిస్తే, గోడ మీద తెరలో యజమాని ప్రత్యక్షమై పనిలోకి పొమ్మంటాడు. 1936లో అది నవ్వులాట. ఇప్పుడు ఫోన్‌లో ఆఫీసు గ్రూపు చూసుకునేవాళ్లకి వేరే చెప్పాలా?

అపోహ: చాప్లిన్‌కి యంత్రాలంటేనే గిట్టదు.

వాస్తవం: 1931లో లండన్‌లో గాంధీజీని కలిసినప్పుడు చాప్లిన్ యంత్రాల తరఫునే మాట్లాడాడు. మనిషి మేలుకు వాడితే పనిగంటలు తగ్గుతాయి కదా అన్నాడు. యంత్రాల వల్లే ఇంగ్లండ్ మీద ఆధారపడ్డామని గాంధీజీ జవాబు. సినిమాకి బీజం మాత్రం అమెరికాలో కార్ల ఫ్యాక్టరీల ఊరైన డెట్రాయిట్ కబురు. పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లు బెల్ట్ దగ్గర నాలుగైదేళ్లు చేసేసరికి నరాలు చితికిపోతున్నారని ఒక విలేకరి ఆయనకు చెప్పాడు.

అన్నం తినిపించే యంత్రం సీన్ చూడండి. భోజనం టైమ్ మిగుల్చుకోవడానికి దాన్ని చాప్లిన్ మీద ప్రయోగిస్తారు. మొక్కజొన్న పొత్తు గిర్రున తిరిగి పళ్ల మీద పడుతుంది. రిపేరు చేసేవాడు ప్లేటులో పెట్టి మరిచిన నట్లను కూడా నోట్లోకి తోసేస్తుంది. ఇంత జరిగాక యజమాని వద్దంటాడు, కానీ మనిషి మీద జాలితో కాదు. పనికొచ్చేది కాదని.

అపోహ: ఆ స్టంట్లన్నీ ప్రాణాలకు తెగించి చేసినవే.

వాస్తవం: కళ్లకు గంతలతో పై అంతస్తు అంచుదాకా స్కేటింగ్ చేసే సీన్‌లో ఆ లోతు అసలు లేదు. కెమెరా ముందు గాజు మీద వేసిన పెయింటింగ్ అది. ఈ సంగతి ఎన్నేళ్లుగా తెలిసినా, ఆ చక్రం అంచు దగ్గరికి వచ్చినప్పుడల్లా నా కాళ్లు కుర్చీ కింద ముడుచుకుంటాయి.