అట్రాసిటీ కేసులో పరిహారం: అపోహలు – వాస్తవాలు

తరతరాలుగా అణగదొక్కిన కులాలకు నష్టపరిహారం ఇవ్వాలా వద్దా అని ఎంతకాలమైనా వాదించుకోవచ్చు. ఆ వాదన ఎటు తేలినా, ఇవాళ దెబ్బతిన్న మనిషికి చట్టం ఇప్పటికే రాసిపెట్టిన సొమ్ము ఒకటుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, దాని రూల్స్ 1995లో. 2016లో సవరించిన పట్టిక ప్రకారం నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల రూపాయల దాకా ఇవ్వాలి. అయినా బాధితులను ఏళ్ల తరబడి నోరెత్తకుండా కూర్చోబెడుతున్నది ఒక్క పుకారు.

అపోహ: కేసు గెలిస్తేనే డబ్బు వస్తుంది

పచ్చి అబద్ధం. ఊళ్లో ఎవరు చెప్పినా, ఆఫీసులో ఎవరు చెప్పినా నమ్మకండి. రూల్ 12(4) ప్రకారం ఏడు రోజుల్లోగా సహాయం అందించాల్సింది జిల్లా యంత్రాంగం. కేసు పెట్టిన మర్నాటి నుంచే ఆ ఇంటివాళ్లను కూలికి పిలవడం మానేస్తారు. అందుకే సొమ్మును తీర్పుతో కాకుండా కేసు నడిచే దశలతో ముడిపెట్టారు.

నలుగురిలో కులం పేరుతో తిట్టారనుకోండి, 3(1)(ఆర్), (ఎస్) సెక్షన్లు. మొత్తం లక్ష. ఎఫ్ఐఆర్ కాగానే 25 వేలు, ఛార్జిషీటు కోర్టుకు వెళ్లాక 50 వేలు, శిక్ష పడ్డాక మిగతా 25 వేలు. అంటే తీర్పుతో పనిలేకుండానే ముప్పావు వంతు చేతికి రావాలి. హత్య కేసులో 8 లక్షల 25 వేలు: సగం పోస్ట్‌మార్టం తర్వాత, మిగతా సగం ఛార్జిషీటు కోర్టుకు చేరాక. అక్కడ శిక్ష పడాలన్న షరతే లేదు.

మరి ఎక్కడ ఆగుతుంది? ఫైలు దానంతటది నడవదు. దర్యాప్తు చేసే డీఎస్పీ ఆఫీసు నుంచి ప్రతిపాదన కలెక్టరేట్‌కు వెళ్లాలి. ఎస్సీలకైతే సాంఘిక సంక్షేమం లేదా ఎస్సీ అభివృద్ధి శాఖ, ఎస్టీలకైతే గిరిజన సంక్షేమ శాఖ దాన్ని చూస్తుంది. మంజూరు ఉత్తర్వులు (ప్రొసీడింగ్స్) వచ్చాక సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుతుంది. మొదటి విడత వచ్చింది కాబట్టి రెండోదీ వస్తుందిలే అని చాలామంది ఎదురుచూస్తారు. రెండో విడతకు ఛార్జిషీటు కాపీతో మళ్లీ ప్రతిపాదన కదలాలి. దర్యాప్తు గడువు 60 రోజులు. 61వ రోజున స్టేషన్‌కు వెళ్లి ఛార్జిషీటు వేశారా, కోర్టులో ఏ నంబరు పడింది అని అడగండి.

కుల ధ్రువీకరణ పత్రం లేక ఆగే ఫైళ్లు ఎక్కువ. ఎఫ్ఐఆర్ అయిన రోజే దరఖాస్తు పెట్టండి. తర్వాత పేరు తేడా. ఎఫ్ఐఆర్‌లో "లక్ష్మి", ఆధార్‌లో ఇంటిపేరుతో సహా "వెంకటలక్ష్మి", పాస్‌బుక్‌లో "వి. లక్ష్మి" అని ఉంటే ముగ్గురూ ఒక్కరేనని తేల్చడానికే నెలలు పోతాయి. ఫిర్యాదు రాసేటప్పుడే ఆధార్ కార్డు పక్కన పెట్టుకుని, అందులో ఉన్నట్టే రాయించండి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది సెక్షన్. కొట్టారని చెప్పినా తిట్టిన సెక్షన్ ఒక్కటే వేస్తే పట్టికలో లక్ష దగ్గరే ఆగుతుంది. గాయాల సర్టిఫికెట్ వచ్చి 3(2)(వి.ఎ) చేరితే అది రెండు లక్షలు. సెక్షన్ మార్చిన మెమో కోర్టుకు చేరి కలెక్టరేట్‌కు చేరకపోతే పాత లెక్కే వేస్తారు. ఆ మెమో కాపీ మీరే తీసుకెళ్లి ఇవ్వండి.

అర్జీ ఒక్క పేజీ చాలు: క్రైమ్ నంబరు, స్టేషన్, సెక్షన్లు, కేసు ఏ దశలో ఉంది, ఏ విడత రావాలి, ఖాతా నంబరు. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో, తెలంగాణలో అయితే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి. కదలకపోతే కలెక్టర్ అధ్యక్షతన మూడు నెలలకోసారైనా జరగాల్సిన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ముందు పెట్టమని రాయండి. హెల్ప్‌లైన్ 14566.

అపోహ: డబ్బు తీసుకుంటే రాజీ పడ్డట్టే

ఈ భయంతో సంతకం పెట్టని తల్లులున్నారు. అమ్మా, ఇది ప్రభుత్వం ఇచ్చేది, నిందితుడు ఇచ్చేది కాదు. తీసుకున్నా కేసు కేసులాగే నడుస్తుంది. పెద్దమనుషులు పంచాయితీలో చేతిలో పెట్టేది వేరు. అది ఈ పరిహారం కాదు. రాజీ కాగితం మీద సంతకం పెట్టేముందు లాయరును అడగండి. రాజీ అయిన కొన్ని కేసుల్లో ప్రభుత్వ సొమ్ము తిరిగి కట్టమని కోర్టులు ఆదేశించాయి. సాక్షులు అడ్డం తిరిగి నిందితులు నిర్దోషులుగా బయటపడితే మాత్రం, అందిన సొమ్ము వెనక్కి ఇవ్వాలని రూల్స్‌లో ఎక్కడా లేదు.

మిగతావి గబగబా

దళితబంధు వచ్చిన ఇంటికి ఇది రాదంటారు. అలాంటి షరతేమీ లేదు. వేరే చట్టం కింద పరిహారం అడిగే హక్కు కూడా పోదని రూల్ 12(5) చెబుతోంది.

హత్య కేసులో నగదుతో సరిపెట్టేస్తారు. అది తప్పు. భార్యకు లేదా ఆధారపడినవారికి నెలకు 5 వేల మూల పింఛను, దానిపై కరువు భత్యం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం, సాగుభూమి, ఇల్లు, పిల్లలకు డిగ్రీ దాకా చదువు ఖర్చు, మూడు నెలలకు బియ్యం, పప్పులు. అర్జీలో వీటిని పేరుపేరునా రాయండి. భూమి ఆక్రమించిన కేసులో లక్షతో పాటు ఆ భూమినీ తిరిగి అప్పగించాలి.

విచారణకు వెళ్లిన ప్రతిసారీ బాధితులకు, సాక్షులకు రూల్ 11 కింద ప్రయాణ ఛార్జీలు, కనీస వేతనానికి తగ్గని దినభత్యం మూడు రోజుల్లోగా ఇవ్వాలి. బస్సు టికెట్లు పారేయకండి.